సబ్బులో మల్లె, మైనంలో మల్లె, ఒంటిమీద మల్లె: సువాసన నూనెల లెక్క

వేసవిలో మల్లెలు విరగబూసే రోజుల్లో, ఆ వాసనను సబ్బులో నిలబెట్టాలన్న కోరికతో నేను మొదటిసారి మల్లె ఫ్రేగ్రెన్స్ ఆయిల్ తెప్పించుకున్నాను. తవుడు నూనె 600 గ్రాములు, కొబ్బరి నూనె 300, ఆముదం 100 కలిపి, కాస్టిక్ సోడా కరిగించిన నీళ్ళు చల్లారాక పోసి, స్టిక్ బ్లెండర్‌తో తిప్పుతుంటే మిశ్రమం దోసెల పిండి జారుకు చక్కగా వచ్చింది. ఆ దశలో 30 గ్రాముల మల్లె నూనె పోశాను. పది అంకెలు లెక్కపెట్టేలోగా గిన్నెలోనిది ఉప్మాలా బిగుసుకుపోయి, గరిటె పెట్టింది పెట్టినట్టే నిలబడిపోయింది. చెంచాతో అచ్చులోకి కుక్కిన ఆ ముద్ద రెండో రోజుకు లేత గోధుమరంగుకు, నెల తిరిగేసరికి తాటిబెల్లం రంగుకు మారింది. మల్లె వాసన మాత్రం సగానికి పైగా పోయింది. సీసాలో మిగిలిన అదే నూనెను తరువాత సోయా మైనంలో కలిపి కొవ్వొత్తి పోస్తే, వెలిగించిన అరగంటకు గదంతా మల్లె పందిరి కింద ఉన్నట్టయింది.

నూనె నాసిరకం అని ఆ రోజు అనుకున్నాను. అది తప్పు. ఆ నూనె మైనం కోసం కూర్చినది. నేను దాన్ని కాస్టిక్ సోడా అనే క్షారంలో పోశాను. ఇంట్లో సబ్బులు, కొవ్వొత్తులు, లేపనాలు చేసేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న "ఈ నూనె మంచిదా, సహజమైనదా?" అన్నది. ఆ ప్రశ్నకు ఉపయోగపడే జవాబు లేదు. ఏ పదార్థంలో కలుపుతున్నాం, తయారైన వస్తువు బరువులో అది ఎంత శాతం, ఆ వస్తువు ఒంటిమీద ఉండిపోతుందా, కడిగేస్తే పోతుందా అనే మూడింటినీ కలిపి అడిగినప్పుడే జవాబు దొరుకుతుంది. ఈ మూడు ప్రశ్నల వెనక ఉన్న కారణాలను విడదీసి చెప్పడమే ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

సీసాలో ఉన్నది ఏమిటి

మొక్క నుంచి నేరుగా తీసినది ఎసెన్షియల్ ఆయిల్. నిమ్మగడ్డి, వట్టివేళ్ళు, గంధపు చెక్క, లవంగం వంటివాటి నూనెను ఆవిరి పట్టి తీస్తారు. నారింజ, నిమ్మ తొక్కల నూనెను చాలావరకు పిండి తీస్తారు. ఫ్రేగ్రెన్స్ ఆయిల్ అలా కాదు. అది పరిమళ నిపుణులు పదుల కొద్దీ వాసన పదార్థాలను పాళ్ళు చూసి కూర్చిన మిశ్రమం. వాటిలో కొన్ని మొక్కల నుంచి విడదీసినవి, చాలావరకు కర్మాగారంలో తయారైనవి. ఈ విద్య నిన్న మొన్నటిది కూడా కాదు: విలియం పెర్కిన్ 1868లో కూమరిన్‌ను, టీమన్, హార్మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు 1874లో వనిలిన్‌ను కృత్రిమంగా తయారు చేసినప్పటి నుంచి పరిమళాల వ్యాపారం సగం తోటలో, సగం ప్రయోగశాలలో నడుస్తోంది. ఈ మిశ్రమాన్ని పలచన చేయడానికి డైప్రొపిలీన్ గ్లైకాల్, డైఇథైల్ థాలేట్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్ వంటి ద్రావకాల్లో ఏదో ఒకటి కలుపుతారు. సీసా మీద కనిపించని ఈ ద్రావకమే తరువాత కొవ్వొత్తిలో తిప్పలు తెస్తుంది. ఆ సంగతి దాని చోట చెబుతాను.

ఇక్కడ ఒక మోసాన్ని గుర్తించాలి. మల్లెపువ్వు ఆవిరి వేడికి తట్టుకోదు. దాని పరిమళాన్ని ద్రావకంతో లాగి, ఆబ్సల్యూట్ అనే చిక్కని పదార్థంగా తీస్తారు. తమిళనాడులో మధురై, కోయంబత్తూరు వైపు ఈ పని జరుగుతుంది, కిలో ధర లక్షల రూపాయల్లో పలుకుతుంది. కాబట్టి నూట యాభై రూపాయలకు దొరికే చిన్న సీసా మీద "స్వచ్ఛమైన మల్లె ఎసెన్షియల్ ఆయిల్" అని రాసి ఉంటే, అందులో ఉన్నది ఫ్రేగ్రెన్స్ ఆయిల్. స్ట్రాబెర్రీకి, మామిడిపండుకు, సముద్రపు గాలికి అసలు ఎసెన్షియల్ ఆయిలే లేదు. తొలకరి వాన వాసనకు మాత్రం ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఒక దారి కనిపెట్టారు: కాల్చిన మట్టిని దేగ్ అనే రాగి పాత్రలో నీటితో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి మట్టి అత్తరు తీస్తారు. చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో దాన్ని వాసన చూసిన వారికి ఆ పరిమళం వేరుగా చెప్పనక్కరలేదు. అయితే అక్కడ కూడా గంధపు నూనెలో పట్టిన అత్తరు ధర వేరు, చౌక ద్రావకంలో కలిపిన దాని ధర వేరు.

కూర్చిన నూనె కావడం తప్పు కాదు. దాన్ని మరో పేరుతో అమ్మడం తప్పు. ఎందుకంటే పేరు తప్పైతే లెక్క తప్పుతుంది. మొక్క నుంచి వచ్చింది గనుక ఎంత వాడినా హాని లేదన్న నమ్మకం మన ఇళ్ళలో బలంగా ఉంది. దానికి మన సున్నిపిండి నుంచే జవాబు చెప్పవచ్చు. నలుగు కోసం పెసలు, కచ్చూరాలతో పాటు కొందరు బావంచాలు కూడా వేస్తారు. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్లబడుతుంది. ఆ గుణాన్నే బొల్లి చికిత్సలో జాగ్రత్తగా కొలిచి వాడుతూ వచ్చారు. బెర్గమాట్ అనే నారింజ జాతి పండు తొక్క నుంచి పిండి తీసిన నూనెలో ఉండే బెర్గాప్టెన్ సోరాలెన్‌కు దగ్గరి చుట్టమే. అందుకే ఒంటిమీద ఉండిపోయే లేపనాల్లో బెర్గమాట్ నూనెకు 0.4 శాతం అన్న పరిమితి ఉంది. ఆ పదార్థాన్ని తీసేసి కూర్చిన బెర్గమాట్ ఫ్రేగ్రెన్స్ ఆయిల్‌కు ఈ చిక్కు లేదు. ఇక్కడ ప్రమాదం తక్కువ ఉన్నది కూర్చిన దానిలోనే.

క్షారంలో వాసనకు ఏమవుతుంది

పొయ్యి మీద ఉడికించకుండా చల్లని పద్ధతిలో చేసే సబ్బులో పరిమళ నూనె కలిపే సమయానికి గిన్నెలో కాస్టిక్ సోడా ఇంకా బలంగానే ఉంటుంది. నూనెలను సబ్బుగా విడగొట్టే క్షారం పరిమళ పదార్థాలను కూడా వదిలిపెట్టదు. మల్లె వాసనలో ముఖ్యమైనది బెంజైల్ అసిటేట్, అది ఎస్టర్ అనే రసాయన జాతిది. సబ్బు చేసే కొవ్వు కూడా రసాయనపరంగా ఎస్టరే కాబట్టి, కొవ్వును విడగొట్టే చర్యే దాన్నీ విడగొడుతుంది. బెంజైల్ ఆల్కహాల్ మిగులుతుంది, దానికి దాదాపు వాసన లేదు. నా సబ్బులో మల్లె సగానికి పైగా పోవడానికి ఇదే కారణం. మల్లెకు ఆ మత్తు గుణాన్ని ఇచ్చే ఇండోల్ సబ్బును గోధుమరంగుకు తిప్పుతుంది. నిమ్మగడ్డి వాసనకు ప్రాణమైన సిట్రాల్ ఆల్డిహైడ్ జాతిది. అదీ క్షారంలో కొంత విరుగుతుంది. కానీ నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ ముప్పాతిక వంతు దాకా ఉంటుంది కాబట్టి, కొంత పోయినా కొంత మిగిలి, నారింజ నూనె కంటే సబ్బులో ఎక్కువ కాలం నిలుస్తుంది. నారింజ నూనెలో ఎక్కువ పాలు ఉండే లిమోనీన్‌ను క్షారం ఏమీ చేయదు. అది తేలిక పదార్థం కాబట్టి నాలుగు వారాలు ఆరబెట్టేసరికి తనంతట తానే ఎగిరిపోతుంది.

దీన్ని తిప్పి చూస్తే సబ్బులో నిలిచే వాసనలు ఏవో అర్థమవుతాయి. ఆల్కహాల్, ఈథర్ జాతి పదార్థాలు క్షారానికి తట్టుకుంటాయి. గంధపు నూనెలోని సాంటలాల్ బరువైన ఆల్కహాల్. అది విరగదు, తొందరగా ఎగరదు. మైసూరులో 1916లో గంధపు నూనె కర్మాగారం మొదలైన కొద్దికాలానికే గంధపు సబ్బు రావడం వెనక వ్యాపార కారణాలు ఎన్నో ఉన్నా, ఆ నూనె గుణం సబ్బుకు ఇంతగా సరిపోవడం కూడా ఒక కారణమని నేను నమ్ముతాను. మొగలి పువ్వు సంగతి నాకు ఇంకా ఇష్టం. శ్రీకాకుళానికి పైన, ఒడిశాలోని గంజాం తీరంలో తీసే మొగలి నూనెలో ప్రధాన భాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. అంత సున్నితంగా అనిపించే పూల వాసన కాస్టిక్ సోడాలో చెక్కుచెదరకుండా బయటపడడానికి కారణం ఆ చివరి మాటలో ఉంది. అంగట్లో కొనే గులాబీ సబ్బు వాసన కూడా ఇలాంటి గట్టి పదార్థాలతోనే కట్టినది: ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, డైఫినైల్ ఆక్సైడ్. సబ్బు కోసం కూర్చే నిపుణులు సిట్రాల్‌కు బదులుగా క్షారానికి తట్టుకునే నైట్రైల్ జాతి పదార్థాలను వాడి నిమ్మ వాసనను నిలబెడతారు. "సబ్బుకు పనికొస్తుంది" అన్న మాటకు అసలు అర్థం ఇదే. ఆ మాట వెనక ఇలాంటి మార్పులు జరిగి ఉండాలి, అది ఉత్త మాట కాకూడదు.

గిన్నెలో గట్టిపడడం వేరే సంగతి. లవంగం నూనెలోని యూజెనాల్ ఫీనాల్ జాతిది, అంటే బలహీనమైన ఆమ్లం లాంటిది. క్షారం తగలగానే లవణంగా మారి సబ్బు కట్టే వేగాన్ని ఒక్కసారిగా పెంచుతుంది. లవంగం, దాల్చినచెక్క, చాలా పూల మిశ్రమాలు ఈ గుణం చూపిస్తాయి. కొన్ని నూనెలు బియ్యపు గింజల్లా చిన్న చిన్న ఉండలు కట్టిస్తాయి. కొన్నింటికి నూనె పైకి తేలి వేరుపడుతుంది. ఇలాంటి నూనె అని ముందే తెలిస్తే కొన్ని పనులు చేయవచ్చు. సోడా, నూనెలు రెండూ గోరువెచ్చన కంటే చల్లగా ఉండాలి, నీరు తగ్గించకూడదు, పరిమళం పోశాక బ్లెండర్ పక్కన పెట్టి చేతి గరిటెతోనే కలపాలి. ఒకవేళ బిగుసుకుపోతే పారవేయనక్కరలేదు. మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద మూతపెట్టి గంటో రెండు గంటలో మగ్గిస్తే ముద్ద మళ్ళీ జారుగా వస్తుంది, అచ్చులో వేసుకోవచ్చు. అది ఆ రోజు నాకు తెలియదు.

వెనిలా వాసన ఇష్టపడేవారు రంగు గురించి ముందే నిర్ణయించుకోవాలి. వనిలిన్ ఉన్న ప్రతి సబ్బూ గోధుమరంగుకు తిరుగుతుంది; ఎంత ఎక్కువ ఉంటే అంత ముదురు. పక్కన తెల్లని పొర వేస్తే కొన్ని వారాల్లో ఆ రంగు తెలుపులోకి కూడా పాకుతుంది. రంగు మారకుండా ఆపుతాయని అమ్మే స్టెబిలైజర్లు కరిగించి పోసే సోప్ బేస్‌లో కొంతకాలం పనిచేస్తాయి కానీ, చల్లని పద్ధతి సబ్బులో వాటిని నమ్ముకోకూడదు. కాఫీ, బెల్లం, గంధం రంగుల్లో సబ్బును ఊహించుకుని వెనిలా వాడితే ఈ చిక్కే ఉండదు. సోప్ బేస్ వాడేవారికి పైన చెప్పిన బాధల్లో చాలావరకు ఉండవు. అందులో క్షారం అప్పటికే సబ్బుగా మారిపోయి ఉంటుంది. ఒకటి రెండు శాతం నూనె కలిపి, మరీ వేడిగా లేనప్పుడు పోసుకుంటే చాలు.

మైనం, వత్తి, ఎండ

కొవ్వొత్తిలో క్షారం లేదు కాబట్టి నా మల్లె అక్కడ బతికింది. ఇక్కడ ప్రశ్న వేరు: ఆ నూనె మైనంలో కరుగుతుందా, వత్తి దాన్ని పైకి లాగి కాల్చగలదా? సోయా మైనంలో సాధారణంగా మైనం బరువులో 6 నుంచి 10 శాతం వరకు నూనె పడుతుంది. 500 గ్రాముల మైనానికి 8 శాతం అంటే 40 గ్రాములు. ఎక్కువ పోస్తే ఎక్కువ వాసన వస్తుందన్నది నిజం కాదు. మైనం పట్టలేనిది చెమటలా పైకి వస్తుంది, లేదా గాజు గ్లాసు అడుగున మడుగు కడుతుంది. అడుగున చేరిన ఆ నూనెను మంట అందుకుంటే గ్లాసంతా మండే ప్రమాదం ఉంది.

మన ఊళ్ళలో ఈ తప్పు జరిగే దారి ఒకటి ఉంది. అగరబత్తి తయారీ కోసం అమ్మే పరిమళాల్లో బత్తీలను ముంచడానికి వీలుగా డైఇథైల్ థాలేట్ వంటి ద్రావకాలను ధారాళంగా కలుపుతారు. డైప్రొపిలీన్ గ్లైకాల్ ఎక్కువగా ఉన్న నూనెలైతే మైనంతో సరిగా కలవవు. ఆ అంగడిలోనే కొవ్వొత్తికీ, సబ్బుకూ, ఒంటికీ అదే సీసా ఇస్తారు. అగరబత్తి పరిమళం అగరబత్తికే. దాన్ని ముఖానికి రాసుకునే క్రీములో కలపడం ఏ లెక్కన చూసినా తప్పు.

ఫ్లాష్ పాయింట్ గురించి ప్రచారంలో ఉన్న మాట కూడా సరిచేయవలసినది. నూనె ఫ్లాష్ పాయింట్ 60 డిగ్రీలైతే, అంతకంటే వేడి మైనంలో కలిపితే వాసన ఆవిరైపోతుందని చాలామంది చెబుతారు. ఫ్లాష్ పాయింట్ చెప్పేది అది కాదు. మూసిన పాత్రలో నూనె పైన చేరిన ఆవిరికి నిప్పు చూపితే ఏ వేడి దగ్గర క్షణకాలం అంటుకుంటుందో అది చెబుతుంది. అది మంట ప్రమాదానికి, రవాణా నిబంధనలకు సంబంధించిన అంకె. 60 డిగ్రీలు, అంతకు తక్కువ ఉన్న ద్రవాలు మండే సరుకు కింద లెక్క కాబట్టి విమానంలో పంపడం కష్టమవుతుంది. లిమోనీన్ ఫ్లాష్ పాయింట్ దాదాపు 48 డిగ్రీలు. అయినా నిమ్మ, నారింజ కొవ్వొత్తులు చేసేవారు మైనం 80 డిగ్రీలు దాటి ఉండగానే నూనె కలుపుతారు, ఎందుకంటే నూనె మైనంలో సమంగా కలవడానికి ఆ వేడి కావాలి. జాగ్రత్త పడవలసినది అంకె గురించి కాదు, పొయ్యి గురించి. మైనాన్ని నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి కరిగించాలి. నూనె పోసే ముందు స్టవ్ ఆర్పేయాలి.

ఎండ సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గ్లాసుల్లో పోసే మెత్తని సోయా మైనం దాదాపు 50 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో నీడనే 45 దాటుతుంటే, మూసిన డెలివరీ వాహనంలో వేడి ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. మైనం మెత్తబడినప్పుడు పరిమళ నూనె విడిపోయి పైకి వస్తుంది. మళ్ళీ గడ్డకట్టినా పాత స్థితి రాదు. వేసవి కోసం 58–60 డిగ్రీల దగ్గర కరిగే పారఫిన్ మైనాన్ని కొంత పాలు కలపడం ఇక్కడి చేతులు నేర్చుకున్న ఉపాయం, అది సబబైనదే. పోసిన కొవ్వొత్తిని వెంటనే వెలిగించి వాసన రాలేదని నిరాశపడేవారికి ఒక మాట: సోయా మైనం గడ్డకట్టాక నూనెను తనలో సర్దుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వత్తిని ప్రతిసారీ సుమారు 6 మిల్లీమీటర్లకు కత్తిరించడం, గది కిటికీ కొంచెం తెరిచి ఉంచడం మసిని బాగా తగ్గిస్తాయి.

చర్మం మరచిపోదు

సబ్బు పాడైతే మళ్ళీ చేసుకోవచ్చు. మైనం విడిపోతే మళ్ళీ కరిగించవచ్చు. చర్మం విషయంలో అలా వెనక్కి తిప్పే అవకాశం లేదు. అందుకే ఈ భాగాన్ని నేను మిగతావాటికంటే ఎక్కువ శ్రద్ధగా చదవమని కోరుతున్నాను. కొన్ని పరిమళ పదార్థాలు కొందరి శరీరానికి ఎలర్జీ నేర్పుతాయి. మొదటి పదిసార్లు ఏమీ కాదు; ఆ తరువాత ఒక రోజు దద్దురు వస్తుంది. ఒకసారి నేర్చుకున్న ఎలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది, చాలా కొద్ది మోతాదుకే మళ్ళీ బయటపడుతుంది. దాల్చినచెక్కలోని సినమాల్, లవంగంలోని యూజెనాల్, ఓక్ చెట్ల మీద నాచులా పెరిగే ఓక్ మాస్ ఈ విషయంలో పేరుపడ్డవి. "నేను ఏళ్ళ తరబడి వాడుతున్నాను, నాకేమీ కాలేదు" అన్నది ఇక్కడ సాక్ష్యం కాదు.

ఎంత సేపు ఉంటుంది, ఎక్కడ ఉంటుంది అనేదాన్ని బట్టి మోతాదు మారుతుంది. సబ్బు నిమిషంలో కడిగేస్తే పోతుంది. క్రీము రోజంతా ఉంటుంది. లిప్ బామ్ నోట్లోకి కూడా పోతుంది. మనవాళ్ళు తరచుగా మరచిపోయేది తలనూనె. కొబ్బరి నూనెలో మల్లె, మరువం పరిమళాలు కలుపుకునేటప్పుడు, అది జుట్టుకే కదా అనుకుని చేతికి వచ్చినంత పోస్తారు. ఆ నూనె మాడుకు పట్టి, రాత్రంతా దిండు మీద ముఖానికి, చెవుల వెనక్కి చేరుతుంది. దాన్ని క్రీముతో సమానంగానే లెక్కించాలి. ముఖానికి రాసే లేపనంలో అర శాతం లోపే, వీలైతే పావు శాతం చాలు. చంటిపిల్లల నూనెలో, పౌడరులో, కంటి చుట్టూ రాసే వాటిలో ఏ పరిమళమూ కలపవద్దని నా అభిప్రాయం. పసిబిడ్డకు పరిమళం అవసరం లేదు, అది పెద్దల సరదా.

ఈ లెక్కలకు ఆధారం ఒకటి ఉంది. 1973లో ఏర్పడిన ఇఫ్రా అనే అంతర్జాతీయ పరిమళ సంఘం, ఒక్కో పదార్థం ఏ రకం వస్తువులో ఎంత వరకు ఉండవచ్చో నిర్ణయించి, ఎప్పటికప్పుడు సవరిస్తుంది. 51వ సవరణ 2023లో వచ్చింది. వస్తువులను 12 వర్గాలుగా విభజించారు. పెదవులకు వాడేవి 1వ వర్గం, ఒంటికి రాసే లేపనాలు 5వ వర్గం, కడిగేసే సబ్బులు 9వ వర్గం, చర్మానికి తగలని కొవ్వొత్తులు 12వ వర్గం. నిజాయతీగా అమ్మేవారు ప్రతి నూనెకూ ఈ వర్గాల వారీగా గరిష్ఠ శాతాలు రాసిన పత్రం ఇస్తారు. ఇందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఆ పత్రాన్ని ఇఫ్రా పరీక్షించి ఇవ్వదు. తయారుచేసినవారే తమ మిశ్రమంలోని పదార్థాల పాళ్ళను బట్టి లెక్కగట్టి ఇస్తారు. అందులోని అంకె వాడమని చెప్పే మోతాదు కూడా కాదు, దాటకూడని గీత. 9వ వర్గం కింద 20 శాతం అని ఉన్నంత మాత్రాన సబ్బులో 20 శాతం పోస్తే అది సబ్బుగానే నిలవదు.

లెక్క ఎలా వేయాలో నా మల్లె సబ్బుతోనే చూపిస్తాను. నూనెలు 1,000 గ్రాములు, ఐదు శాతం కొవ్వు మిగిలేలా కాస్టిక్ సోడా సుమారు 137 గ్రాములు, నీరు 275, పరిమళం 30. మొత్తం 1,442 గ్రాములు. నెల ఆరిన తరువాత నీరు చాలావరకు పోయి దాదాపు 1,250 మిగులుతుంది. సబ్బు చేసేవారు పరిమళాన్ని నూనెల బరువులో శాతంగా చెబుతారు, కాబట్టి వాడుకలో ఇది 3 శాతం. ఇఫ్రా అంకె మాత్రం తయారైన వస్తువు బరువు మీద ఉంటుంది: 30ని 1,250తో భాగిస్తే 2.4 శాతం. పత్రంలో 9వ వర్గం దగ్గర 2.5 అని ఉంటే ఈ సబ్బు గీత లోపలే ఉంది, కానీ అంచున ఉంది. అదే పత్రంలో 5వ వర్గం దగ్గర 0.6 అని ఉంటే, 100 గ్రాముల క్రీములో 0.6 గ్రాముకు మించకూడదు. ఒకే సీసా, సబ్బులో 30 గ్రాములు, క్రీములో అర గ్రాము. దీన్ని చుక్కల్లో కొలవకూడదు. నూనె చిక్కదనాన్ని బట్టి, సీసా మూతిని బట్టి చుక్క బరువు మారుతుంది. గ్రాములో నూరో వంతు చూపే చిన్న తూకం ధర ఒక మంచి పరిమళం సీసా ధరకు మించదు.

ఏ నూనెకూ పత్రం ఇవ్వలేమన్న అంగడిలో ఒంటికి వాడే వస్తువుల కోసం కొనవద్దు. ఒక విక్రేత నాకు వేరే పేరున్న నూనె పత్రాన్నే పేరు కొట్టేసి పంపించారు. సవరణ సంఖ్య, నూనె పేరు, తేదీ మూడూ సరిచూసుకోవడం అప్పటి నుంచి అలవాటైంది. యూరప్‌లో బంధువులకు, స్నేహితులకు పంపి అమ్మించాలనుకునే మనవాళ్ళకు ఇంకొక పత్రం కూడా కావాలి. అక్కడ ఒక జాబితాలోని ఎలర్జీ పదార్థాల పేర్లను లేబుల్ మీద విడిగా రాయాలన్న నియమం ఉంది. కడిగేసే వస్తువులో 0.01 శాతం, ఉండిపోయే వస్తువులో 0.001 శాతం దాటితే అది వర్తిస్తుంది. మొదట 26 పేర్లున్న ఆ జాబితా 2023 నియమంతో దాదాపు 80కి చేరింది. లిలియల్ అనే లిల్లీ వాసన పదార్థాన్ని 2022 మార్చి నుంచి పూర్తిగా నిషేధించారు. పాత నిల్వ నూనెల్లో అది ఇంకా ఉండవచ్చు.

ఇంటి అవసరానికి చేసుకునేదానికి, అమ్మకానికి మధ్య మన చట్టంలోనూ గీత ఉంది. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం సబ్బు, క్రీము, లిప్ బామ్ తయారు చేసి అమ్మాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి సీఓఎస్-8 రూపంలో లైసెన్సు కావాలి. వంటింట్లో చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మినా నియమం అదే. లైసెన్సు ఉన్నవారి దగ్గర తమ సూత్రం ప్రకారం చేయించుకునే దారి కూడా చట్టంలో ఉంది, చిన్నగా మొదలుపెట్టేవారికి అది తేలిక. కొవ్వొత్తులు ఈ చట్టం కిందకు రావు.

చివరగా, సీసా వయస్సు. లిమోనీన్, లినలూల్ తాజాగా ఉన్నప్పుడు దాదాపు హాని లేనివి. గాలి తగిలి నెలలు గడిచేకొద్దీ హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి, అవే ఎలర్జీకి అసలు కారకాలు. లావెండర్, నారింజ, నిమ్మ నూనెలు, వాటిని దండిగా పోసి కూర్చిన మిశ్రమాలు ఈ లెక్కలోకి వస్తాయి. అందుకే నేను సీసా తెరిచిన తేదీని కాగితం అంటించి రాస్తాను. సగం అయిపోగానే మిగిలినదాన్ని చిన్న ముదురు రంగు సీసాలోకి నిండుగా వంచి, గాలికి చోటు లేకుండా మూతబిగించి, వెలుతురు పడని చల్లని అరలో పెడతాను. ఏడాది దాటిన నారింజ నూనెకు టర్పెంటైన్ లాంటి ఘాటు వస్తుంది. అలాంటిది ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా ఇక ఒంటికి వాడను, కొవ్వొత్తుల అరలోకి మారుస్తాను.